బండ మెత్తగా పడదు

ఆయన పోయిన రోజు మధ్యాహ్నానికే గోదావరిఖని వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరగడం మొదలైంది. వీధిలో పిల్లలెవరో ఫోనులోనే తయారు చేసినట్టున్నారు. మధ్యలో ఆయన ఫొటో, చుట్టూ వెలుగు, పైనుంచి రాలుతున్న గులాబీ రేకులు. ఒక్కో రేకూ అటు ఊగి ఇటు ఊగి, నేల దగ్గరపడే కొద్దీ వేగం తగ్గించుకుని, నెమ్మదిగా వాలుతోంది. నేను పరీక్ష డ్యూటీలో ఉన్నాను. స్టాఫ్ రూములో నిలబడి దాన్ని రెండుసార్లు చూశాను. ఆయన బతికుండగా ఇది చూస్తే నా ఫోను గోడకు తగిలి ముక్కలయ్యేది. అలా అనుకున్నాక గాని నాకు ఏడుపు రాలేదు.

ఆయన కోపిష్టి. కోపిష్టి అనేది కూడా చిన్న మాటే. చెయ్యి ముందు లేచేది, మాట తర్వాత వచ్చేది. సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక నలుగురూ నాలుగు మాటలు చెప్పారు గాని, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ చేతిని దాచిపెట్టి ఆయన గురించి చెప్పడం నా వల్ల కాదు.

నేను బడిలో తెలుగు చెప్తాను. ఎనిమిదేళ్ల కిందట, బొగ్గుబాయిల్లో కొత్తగా చేరినవాళ్లకు చూపించే భద్రతా వీడియోలకు వ్యాఖ్యానం చదవాలని నన్ను ఆయన దగ్గరికి పంపించారు. చౌరస్తా వెనక వీధిలో, టైర్ల దుకాణం మీద ఒక గది. అందులో ఒక కంప్యూటరు, రెండు మానిటర్లు, చప్పుడు లోపలికి రాకుండా గోడలకు కొట్టిన గోనెసంచులు, నీళ్లు పోయని కూలరు. తెర మీద బొమ్మలు గీసి వాటిని కదిలించడం ఆయన పని. మోషన్ గ్రాఫిక్స్ అంటారు. ఒకప్పుడు తనూ బాయిలో దిగినవాడే. పైకప్పు కూలి తుంటి విరిగి, పైన కూర్చునే డ్యూటీకి మారాక, ఆ సాఫ్ట్‌వేరు ఒక్కడే కూర్చుని నేర్చుకున్నాడు. ఆ కూలిన రోజు పక్కన ఇద్దరున్నారు. వాళ్లు లేరు. దాని గురించి ఆయన నాకు చెప్పింది ఈ రెండు ముక్కలే.

కాగితంలో మొదటి వాక్యం చదివాను. "పైకప్పు కూలే ప్రమాదమున్న చోట తగిన జాగ్రత్త వహించండి." రేడియోలో చదివినట్టు తీయగా చదివాను. వాక్యం పూర్తి కాకముందే నా తల మీది హెడ్‌ఫోన్లు ఊడి పక్కకు పోయాయి. లాగింది ఆయనే. చెవి మండిపోయింది.

"గట్ల సదివితే ఇనేటోనికి నిద్ర వస్తది," అన్నాడు. "నిద్రవోయినోడు బాయిల సస్తడు. ఇటు రా టీచరమ్మా. ఇది సూడు."

తెర మీద భూగర్భంలో ఒక సొరంగం. టోపీ లైట్లతో ఇద్దరు కార్మికుల బొమ్మలు. పైన ఒక పెద్ద బండ. ఆయన మీట నొక్కాడు. బండ మెల్లగా కదిలి, కొంచెం వేగం పుంజుకుని, కిందికి వచ్చేసరికి మళ్లీ వేగం తగ్గించుకుని, దిండు పెట్టినట్టు దిగింది.

"ఇది కంప్యూటర్ పడేసిన బండ. మనం ఏం చెప్పకపోతే అది అన్నిటినీ గిట్లనే దించుతది. పువ్వైనా, బండైనా."

పక్కనున్న పట్టీలో ఒక అంకె కొట్టేసి ఇంకో అంకె టైపు చేశాడు. "ఇది బాయిల పడ్డ బండ." మీట నొక్కుతూనే ఎడమ పిడికిలితో టేబుల్ మీద ఒక్క గుద్దు గుద్దాడు. స్టీలు గ్లాసు ఎగిరి కింద పడింది. నేను కుర్చీతో సహా వెనక్కి జరిగాను. తెర మీద చూస్తే బండ నేల మీద ఉంది. అది దిగడం నేను చూడనే లేదు.

"నడిమిట్ల ఏం ఉండదు టీచరమ్మా. పైన ఉంటది. తర్వాత కింద ఉంటది. బండ మెత్తగ పడదు. ఇప్పుడు సదువు."

ఈసారి చదివినప్పుడు నా గొంతు వణికింది. "గది, గట్ల," అన్నాడు. ఆ వణికిన గొంతునే వీడియోలో పెట్టాడు.

ఆ తర్వాత నాలుగేళ్లు సెలవుల్లోనూ ఆదివారాలూ ఆ గదికి వెళ్తూ ఉండేదాన్ని. ఆయన పని చేస్తుంటే చూడటం నాకు అలవాటైపోయింది. ఆ సాఫ్ట్‌వేరులో ప్రతి కదలికకూ ఒక స్లైడర్ ఉంటుంది. మౌస్‌తో పట్టుకుని అటు జరిపితే పెరుగుతుంది, ఇటు జరిపితే తగ్గుతుంది. అందరూ అలాగే జరుపుతారట. ఆయన మాత్రం ఏనాడూ మౌస్‌తో జరపలేదు. అంకె ఎంతో ముందే లెక్క వేసుకుని, రెండు వేళ్లతో టైపు చేసేవాడు. ఎందుకని అడిగితే, "జరుపుకుంట పోతే కండ్లకు ఏడ మంచిగ కొడితే ఆడ ఆపుతం," అన్నాడు. "మంచిగ కొట్టేది నిజం కాదు."

ఆ స్లైడర్లకు సాఫ్ట్‌వేరు పెట్టిన పేర్లు తీసేసి, తెలుగులో సొంత పేర్లు పెట్టుకున్నాడు. బండకు: బరువు, పగులు, దుమ్ము. మనిషి బొమ్మకు: నడక, చెయ్యి, నడుము, తల. మనిషి బొమ్మల్లో ఒక్కోదానికి ఒక్కో నడక. ఒకడు కొంచెం కుంటుతాడు, ఒకడు చేతులూపుతూ నడుస్తాడు. శిక్షణ వీడియోలో చచ్చిపోయే బొమ్మకు ఇంత పని ఎందుకన్నానని ఒకసారి చేతిలోని మౌస్ గోడకేసి కొట్టాడు. నా వైపు కాదు, గోడ వైపే. టేబుల్ కింద అట్టపెట్టెలో అలా పగిలిన మౌస్‌లు ఓ డజను ఉండేవి. పారేసేవాడు కాదు.

గదిలోకి వచ్చిన ప్రతిసారీ కూర్చునే ముందు తల ఎత్తి పైకప్పు చూసేవాడు. సిమెంటు స్లాబే. అయినా చూసేవాడు. మధ్యాహ్నం, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీ రెక్కలు దడదడలాడితే రికార్డింగుకు వచ్చినవాళ్లం పని ఆపి ఊరుకునేవాళ్లం. ఆయన మాత్రం లేచి గుమ్మం కింద నిలబడి, చప్పుడు పూర్తిగా ఆగాక తిరిగొచ్చి కూర్చునేవాడు. ఆ కొద్దిసేపూ ఎవరైనా పలకరిస్తే తిట్లే.

పెళ్లి వీడియోలూ చేసేవాడు, బతకాలి కనక. ఒక పెళ్లికొడుకు అన్న వచ్చి, పేర్లు ఇంకా మెల్లగా ఎగరాలని మూడోసారి మార్పించబోతే, కెమెరా స్టాండు తీసి భుజం మీద కొట్టాడు. ఆ మనిషి స్నేహితులు వచ్చి ఈయన్ని మెట్ల మీదినుంచి ఈడ్చి తన్నారు. మర్నాడు పెదవి చిట్లి, కన్ను వాచి కూర్చుని అదే పెళ్లి వీడియో చేస్తున్నాడు. పేర్లు మెల్లగానే ఎగురుతున్నాయి.

వాళ్ల ఆవిడ దవాఖానలో నర్సు. నేను వదినా అని పిలిచేదాన్ని. డ్యూటీ దిగి అన్నం డబ్బా తెచ్చేది. ఒకరోజు ముగ్గురం తింటుంటే, పగిలిన మౌస్‌ల పెట్టె వైపు చూపించి తనే చెప్పింది.

"బాయిల దెబ్బ తాకినంక రెండేండ్లు ఈయన మనిషి కాదు టీచర్. ఒకనాడు నా మీద చెయ్యి చేసుకున్నడు. పండ్ల నుంచి రక్తం కారింది. మల్ల గా చెయ్యి లేస్తే గోడకు కొట్టుకో, టేబుల్‌కు కొట్టుకో. నాకు తాకిందంటే మల్ల నన్ను సూడవు అన్న. గప్పటిసంది గీ మౌస్‌లే తింటున్నయ్ దెబ్బలు."

ఆయన తల ఎత్తకుండా అన్నం కలుపుకుంటున్నాడు. కాదనలేదు. నవ్వనూ లేదు.

ఇక ఆ నాలుగో ఏటి ఎండాకాలం సంగతి.

ఒక ఓపెన్‌కాస్టులో మట్టి తీసే ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర మల్లేశు అనే మనిషి పనిచేసేవాడు. కమాన్‌పూర్ వైపు ఊరు. మట్టి పారబోసే గుట్ట అంచున జెండా పట్టుకుని నిలబడి, వెనక్కి వచ్చే టిప్పర్లకు ఎంతవరకు రావాలో చూపించడం అతని పని. అతను నిలబడే చోటుకీ బళ్లు తిరిగే చోటుకీ మధ్య సున్నం కొట్టిన రాళ్ల వరుస ఒకటి ఉంటుంది. అతను రాళ్లకు అవతలే ఉండాలి, బండి ఇవతలే ఆగాలి. ఒక మధ్యాహ్నం ఒక టిప్పర్ ఆగకుండా వచ్చి అతని మీదికెక్కింది.

విచారణ మొదలైంది. ప్రమాదం ఎలా జరిగిందో బొమ్మలతో చూపించే వీడియో కావాలని కాంట్రాక్టరు మేనేజరు మా గదికి వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట. బళ్లు తూచే కాటా దగ్గరి కెమెరాలో దూరం నుంచి పడిన దృశ్యాన్ని పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. అంతా దుమ్ము. అందులో చీమంత మనిషి, అగ్గిపెట్టెంత బండి.

ఆయన ఆ దృశ్యాన్ని ఐదు రోజులు చూశాడు. వీడియో అంటే సెకనుకు ఇరవై ఐదు బొమ్మలు. ఒక్కో బొమ్మను ఫ్రేము అంటారు. ఒక్కో ఫ్రేము ఆపి, పెద్దది చేసి, కాగితం మీద అంకెలు రాసుకున్నాడు. ఐదో రోజు నాకు చూపించాడు. మల్లేశు రాళ్లకు అవతలే ఉన్నాడు. టిప్పర్ వెనక్కి వస్తున్నప్పుడు మోగాల్సిన హారన్‌తో పాటు వెలగాల్సిన దీపం వెలగలేదు. అతను అటు తిరిగి టిప్పర్ల ట్రిప్పుల లెక్క రాసుకుంటున్నాడు. బండి రాళ్లు దాటింది.

"ఈడ సూడు," అన్నాడు. చివర్లో ఒక చోట, నల్లగా ఉన్న ఆ చుక్కలో తెల్లటి మచ్చ ఒకటి కనిపించింది. "మొఖం. ఎనుకకు తిరిగి సూసిండు." తల అనే స్లైడర్ దగ్గర డెబ్బై అని టైపు చేశాడు. మీట నొక్కాడు. బొమ్మ తల తిప్పింది. అంతలో బండి మీదికొచ్చేసింది. నేను కళ్లు మూసుకున్నాను.

మేనేజరు ఆ వీడియో చూసి కోప్పడలేదు. "మీరు ఆర్టిస్టులు. చాలా బాగా చేశారు," అన్నాడు. "మనిషిని కొంచెం ఇటు జరపండి. రాళ్లకు ఇవతలికి, ఆరడుగులు. వెనక లైటు వెలిగించండి. ఆ తల తిప్పడం తీసేయండి. మీకిది చిన్న పనే కదా, అంకెలు మార్చడమేగా." తర్వాత నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. "మృతుడు హెచ్చరికను పట్టించుకోకుండా నిషేధిత ప్రాంతంలోకి ప్రవేశించాడు" అని ఉంది అందులో.

ఆయన ఏమైనా విసిరికొడతాడని ఎదురుచూశాను. ఏమీ విసరలేదు. చాలాసేపు తెర వైపు చూసి, మూడు అంకెలు మార్చాడు. నేను ఆ వాక్యం చదివాను. నాదేముంది, చదవడమే కదా అనుకున్నాను. ఆ అనుకోవడం ఇప్పటికీ గుర్తుంది.

మేనేజరు వెళ్లాక అడిగాను. "అన్నా, అతను అక్కడ నిలబడలేదు కదా?"

"ఏడ నిలబడ్డడో వాళ్లు చెప్తరు. ఎట్ల పడ్డడో నేను చెప్త. పడుడు నాది. నిలబడుడు వాళ్లది," అన్నాడు. ఆ మాట తనకు తానే చెప్పుకున్నట్టుంది. ఆయన కోప్పడనందుకు నాకు మొదటిసారి భయమేసింది.

పదిరోజుల తర్వాత ఒక పొద్దున, ఇంకేదో రికార్డింగు కోసం నేను గదిలో ఉండగా, ఒకామె మెట్లెక్కి వచ్చింది. పాతికేళ్లుంటాయి. భుజానికి గుడ్డసంచి. మల్లేశు భార్య స్వరూప.

"బొమ్మల సిన్మ చేసేది నువ్వేనా అన్నా?" అంది.

"నేనే."

"ఆఫీసుల పెద్ద టీవీల నా మొగడు సచ్చుడు సూపెట్టిండ్రు. తప్పు ఆయనదేనట, సంతకం పెట్టమన్నరు. ఇంకోపాలి సూడాలె. పెట్టు."

ఆయన పెట్టాడు. నా గొంతు గదంతా వినిపించింది. మృతుడు హెచ్చరికను పట్టించుకోకుండా. స్వరూప తల తిప్పి నన్ను చూసింది. నేను నోరు తెరవలేదు. అయినా తెలిసిపోయింది ఆమెకు, నా మొహం చూసి.

"ఆపు," అంది. బొమ్మ రాళ్లకు ఇవతల నిలబడి ఆగింది. ఆమె సంచిలోంచి ఒక స్టీలు టిఫిన్ డబ్బా, ఒక నీళ్ల సీసా తీసింది.

"ఇయ్యి రాళ్లకు అవతల దొరికినయ్. సొట్ట కూడ పోలే. గంత ఎండల ఆయన నీళ్లు ఇడిచి అడుగు పక్కకు పెట్టడు. నీ బొమ్మల ఆయన ఇవతలున్నడు, నీళ్లు అవతలున్నయ్. గదెట్ల?"

ఆమె ఆ డబ్బా ఎత్తి ఆయన నుదుటి మీద కొట్టింది. అంచు తగిలి చర్మం చీలింది. రక్తం కనుబొమ్మ మీదినుంచి కంట్లోకి దిగింది. నేను లేచి ఆమె చెయ్యి పట్టుకోబోయాను.

"ఆగు టీచరమ్మా," అన్నాడు. "కొట్టనియ్యి."

ఆమె కొట్టింది. భుజం మీద, మెడ మీద, అడ్డం పెట్టని చేతుల మీద. డబ్బా మూత ఊడి దొర్లుకుంటూ పోయింది. కొట్టి కొట్టి ఊపిరాడక నేల మీద కూర్చుండిపోయింది. నన్ను మాత్రం కొట్టలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది.

ఆయన చొక్కా అంచుతో కన్ను తుడుచుకుని కంప్యూటరు వైపు తిరిగాడు. నేను వెనక నిలబడ్డాను. మీటల మీద రక్తపు మరకలు పడుతున్నాయి. మనిషిని రాళ్లకు అవతల పెట్టాడు. దీపం అంకె తీసి సున్నా పెట్టాడు. తల దగ్గరికొచ్చాక డెబ్బై అని టైపు చేశాడు. అక్కడ వేళ్లు ఆగిపోయాయి. నా వైపు చూశాడు. తర్వాత నేల మీద కూర్చున్న ఆ పిల్ల వైపు చూశాడు. డెబ్బై కొట్టేసి సున్నా పెట్టాడు.

"అసలు జరిగింది పెడుతున్న," అన్నాడు. "సూడగల్గుతవా?"

"పెట్టు."

ఆమె లేచి తెర ముందు నిలబడి చూసింది. మల్లేశు వీపు తిప్పి ట్రిప్పు రాసుకుంటున్నాడు. బండి వచ్చింది. అతను తిరగలేదు. వీడియోకు చప్పుడు పెట్టలేదు ఆయన.

"ఆయనకు ఎరుకైందా?" అని అడిగింది.

"లేదు. ఎనుక నుంచే అయిపోయింది. ఎరుక కాలే."

ఆమె తలూపింది. చాలాసేపు తలూపుతూనే ఉంది. డబ్బా మూత నేనే వెతికి ఇచ్చాను. మెట్లు దిగబోతుంటే ఆయన వెనకనుంచి, "సంతకం పెట్టకు బిడ్డా," అన్నాడు.

ఆమె అడుగుల చప్పుడు ఆగాక, ఆయన రెండో మానిటరు మీద పిడికిలితో గుద్దాడు. అద్దం లోపలికి పోయింది. మళ్లీ గుద్దాడు. చెయ్యంతా గాజుపెంకులు. నేను వాటిని ఏరుతుంటే ఇంకో చేత్తో తల దగ్గర డెబ్బై టైపు చేశాడు. "విచారణకు పోయేదాంట్ల అది ఉండాలె," అన్నాడు. "ఆడ అబద్ధం ఒక్కటి దొరికితే అన్నీ అబద్ధమే అంటరు." తర్వాత మైకు నా ముందుకు తోశాడు. "మొదటిది నీ నోటితోనే సదివినవ్. ఇది కూడ నువ్వే సదువు."

"వాహనం వెనక హారను, దీపం పనిచేయలేదు. మృతుడు తనకు కేటాయించిన చోటే నిలబడి ఉన్నాడు." ఎలా చదవాలో ఆయన చెప్పనక్కర్లేకపోయింది.

ఆ వీడియోనూ, కాటా దగ్గరి కెమెరా దృశ్యం కాపీనీ విచారణ అధికారికి రిజిస్టరు పోస్టులో పంపాడు. మేనేజరుకు ఫోను చేసి పంపినట్టు చెప్పాడు కూడా. ఎందుకు చెప్పావన్నాను. "ఎనుక నుంచి గుద్దుడు నాకు రాదు," అన్నాడు.

మూడోరోజు మిట్టమధ్యాహ్నం, ఎండకు వీధంతా తలుపులు మూసుకున్న వేళ, ముగ్గురు వచ్చారు. నేను అప్పుడే మెట్లెక్కుతున్నాను. పైనుంచి చప్పుళ్లు వినిపించి పరుగెత్తాను. కంప్యూటరు అప్పటికే నేల మీద ఉంది. ఒకడు ఇనుపరాడ్‌తో దాన్ని పగలగొడుతున్నాడు. ఆయన ఒకడి ముంజేతిని పళ్లతో పట్టుకుని వదలడం లేదు. వాడు అరుస్తున్నాడు. ఆ ముగ్గురిలో ఒకడు నన్ను చూసి, "నమస్తే టీచర్. మీరు కిందికి పోండి," అన్నాడు. మా బడిలో ఐదో తరగతి చదివే ఒక పాప తండ్రి.

నేను పోలేదు. అరిచాను. ఎవరూ రాలేదు. ఆయన కంప్యూటరు పక్కనుండే బ్యాటరీ పెట్టె ఎత్తి ఒకడి కాళ్ల మీద వేశాడు. వాడు కూలబడ్డాడు. మిగిలిన ఇద్దరూ కలిసి ఆయన్ని గుమ్మం దగ్గరికి ఈడ్చారు. కుడిచెయ్యి ఇనుప తలుపు సందులో పెట్టి తలుపు లాగారు. తర్వాత ఎడమచెయ్యి. "పంపిన," అంటున్నాడు ఆయన. "పంపిన. మూడు దినాలైంది. ఇప్పుడు ఏం పీక్కుంటరు." నొప్పికి అరవలేదు, తిట్టాడు. మూడోసారి తలుపు లాగినప్పుడు వేళ్లు విరిగిన చప్పుడు నాకు వినబడింది. అది ఎలా ఉందో రాయను.

పోలీసులకు ఆ తండ్రి పేరు చెప్పాను. కేసు ఇంకా నడుస్తోంది. ఆ పాపను మర్నాడే బడి మాన్పించారు. ఏ పాపమూ ఎరగని ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడు నా మనసు ఇప్పటికీ ఒక దగ్గర నిలవదు.

ఆయన కుడిచెయ్యి మళ్లీ పిడికిలి పట్టలేదు, ఎడమచేతి వేళ్లూ సరిగా వంగలేదు. తర్వాత గుండె ఆగిపోయేదాకా బతికిన నాలుగేళ్లూ వీడియోలు చేశాడు గాని, ఆయన అంకెలు చెప్తుంటే వదిన టైపు చేసేది. ఆమె తప్పు కొడితే ఇంతెత్తున లేచేవాడు. "అరిస్తే నువ్వే కొట్టుకో," అని ఆమె కీబోర్డు ఆయన ఒళ్లో పెట్టేది.

విచారణ రోజుకు ఆయన దవాఖానలోనే ఉన్నాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. నేను వెళ్లాను. గోడ మీద తెర కట్టి కాటా కెమెరా దృశ్యం ముందు చూపించారు. తర్వాత ఆయన చేసిన వీడియో పెట్టారు. హారన్ వైరు చాలా రోజుల నుంచి తెగి ఉన్నట్టు మెకానిక్ ఒప్పుకున్నాడు. తప్పు మల్లేశుది కాదని తర్వాత తీర్పు రాశారు. కాని ఆ గదిలో నేను చూసింది తెరను కాదు, ముందు వరసలో కూర్చున్న స్వరూపను. బొమ్మ తల తిప్పినప్పుడు ఆమె వీపు ఒక్కసారి బిగిసింది. ఏడవలేదు. వీడియో అయిపోగానే లేచి బయటికి నడిచింది. నేను వెంట వెళ్లాను. ఆటో ఎక్కి, దవాఖాన అని చెప్పింది.

వార్డులో ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే ఎందుకొచ్చిందో తెలిసిపోయింది.

"ఆయన సూసిండు గదా," అంది గుమ్మంలోనే నిలబడి.

"సూసిండు."

"నాకు సూడలేదని సూపెట్టినవ్."

"ఔ."

"ఎందుకు?"

ఆయన తన చేతుల కట్ల వైపు చూసుకున్నాడు. "గా దినం నువ్వు ఒక్కదానివే ఇంటికి పోవాలె," అన్నాడు చివరికి. "కమాన్‌పూర్ దాక బస్సుల కూసొని పోవాలె. గందుకు."

ఆమె లోపలికొచ్చి మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. మళ్లీ కొడుతుందేమోనని నేను దగ్గరగా జరిగాను. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"ఎంతసేపు సూసిండు?"

"తొమ్మిది ఫ్రేములు."

"నాకు గవి ఎరుకలేదు. ఎంతసేపో చెప్పు."

ఆయన చిటిక వేసి చూపించబోయాడు. కట్ల లోపల వేళ్లు కదల్లేదు. నొప్పికి పళ్లు బిగించాడు.

"కండ్లు మూసి తెరువు," అన్నాడు. "ఒక్కపాలి."

స్వరూప కళ్లు మూసి తెరిచింది.

"గంతే."

"గంతేనా?"

"గంతే బిడ్డా."

ఆమె మళ్లీ మూసింది. తెరిచింది. వదిన మందులు తీసుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఆ స్టూలు మీద కూర్చుని స్వరూప కళ్లు మూస్తూ తెరుస్తూ, ఆ కాస్త సేపు ఎంతుంటుందో మళ్లీ మళ్లీ కొలుచుకుంటూనే ఉంది.